ఇంజను లేని విమానం – సెల్‌ఫోన్‌లో వాన జాడ

ఎండాకాలం మధ్యాహ్నం పూట గద్దను గమనించారా? రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైపైకి వెళ్లిపోతుంది. ఎండకు కాగిన నేల మీది గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిలోనే చుట్లు తిరుగుతూ దాంతోపాటు ఎక్కుతుంది. ఇదే పని మనిషి గ్లైడర్‌లో కూర్చుని చేస్తాడు.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. మరో విమానం తాడు కట్టి లాక్కెళ్లి గానీ, నేల మీది యంత్రం గాలిపటాన్ని లేపినట్టు లాగి గానీ దాన్ని పైకి ఎక్కిస్తాయి. తాడు వదిలేశాక గాలే ఆధారం. మంచి గ్లైడర్ 1 కి.మీ. ఎత్తు నుంచి, గాలి నిలకడగా ఉంటే, సుమారు 40 కి.మీ. దూరం జారుకుంటూ పోగలదు. దారిలో పైకి లేచే గాలి దొరుకుతూ ఉంటే వందల కిలోమీటర్లు తిరిగి రావచ్చు. అయితే దిగడానికి ఒక్కటే అవకాశం. గాలి అడ్డం తిరిగిందని మళ్లీ పైకి లేచి, ఇంకో చుట్టు కొట్టి రావడం కుదరదు.

చిక్కేమిటంటే గ్లైడర్‌ను పైకి లేపే గాలే ఉరుముల మబ్బును కూడా పుట్టిస్తుంది. మధ్యాహ్నం దూదిపింజలా ఉన్న మబ్బు, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, అరగంట, గంటలో కొండంత పెరగవచ్చు. దాని కిందికి చేరితే లోపలికి పీల్చేస్తుంది. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా అనే చిన్న ఊరి దగ్గర జర్మనీకి చెందిన ఈవా విష్నియెర్‌స్కా అనే క్రీడాకారిణిని ఇలాంటి మబ్బే పారాగ్లైడర్‌తో సహా 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. ఆమె స్పృహ తప్పి కూడా బతికి బయటపడింది. అదే రోజు మబ్బులో చిక్కుకున్న చైనా పైలట్ చనిపోయాడు.

అందుకే ఇప్పుడు గ్లైడర్ పైలట్లు సెల్‌ఫోన్‌లో వాతావరణ రాడార్ బొమ్మ చూడకుండా బయలుదేరరు. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో వాతావరణం అంటే రేడియో వార్తల చివర వచ్చే రెండు వాక్యాలే. ఇప్పుడు జర్మనీ వాతావరణ శాఖ వారి వార్న్‌వెట్టర్, అమెరికాలో మైరాడార్ వంటి యాప్‌లు ఎక్కడ వాన పడుతోందో రంగుల్లో చూపిస్తాయి. కానీ ఆ బొమ్మ ఏం చూపిస్తుందో, ఏం చూపించదో తెలియకుండా దాన్ని నమ్మడం చూడకపోవడం కంటే ప్రమాదం.

రాడార్ రేడియో తరంగాలను పంపి, వాన చినుకులకు తగిలి తిరిగి వచ్చిన భాగాన్ని కొలుస్తుంది. చినుకు వ్యాసం రెట్టింపయితే తిరిగి వచ్చే శక్తి 64 రెట్లు అవుతుంది. అందుకే పెద్ద చినుకులు, వడగళ్లు ఉన్నచోట ఎరుపు, సన్న తుంపర ఉన్నచోట నీలం లేదా ఆకుపచ్చ కనిపిస్తాయి. ఇక్కడే మొదటి సంగతి గ్రహించాలి. రాడార్ యాప్ చూపేది వాననే. గ్లైడర్‌కు కావలసిన పైకి లేచే గాలి అందులో కనిపించదు. ఇంకా చినుకు కట్టని, ఎదుగుతున్న మబ్బు కూడా కనిపించదు. బొమ్మలో ఖాళీగా ఉన్నచోట పది నిమిషాల తర్వాత ఎరుపు మచ్చ పుట్టవచ్చు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కాలం. రాడార్ గుండ్రంగా తిరుగుతూ, ఒక్కొక్క చుట్టుకు కోణం పెంచుకుంటూ ఆకాశమంతా గాలించడానికి సుమారు 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. తర్వాత అనేక రాడార్ల బొమ్మలను కలిపి కుట్టాలి, ఫోన్లకు పంపాలి. అమెరికాలో విమాన ప్రమాదాలను విచారించే జాతీయ రవాణా భద్రతా మండలి 2012 జూన్‌లో పైలట్లకు ఒక హెచ్చరిక ఇచ్చింది. అక్కడి కాక్‌పిట్‌లలో కనిపించే కలిపిన రాడార్ బొమ్మ మీద 'ఒక నిమిషం క్రితంది' అని ఉన్నా, ఒక్కోసారి లోపలి సమాచారం అంతకంటే 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చని దాని సారాంశం. గంటకు 40 కి.మీ. వేగంతో కదిలే గాలివాన 20 నిమిషాల్లో 13 కి.మీ. ముందుకు వచ్చేస్తుంది. బొమ్మలో రెండు మబ్బుల మధ్య కనిపించిన సందు, పైలట్ అక్కడికి చేరేసరికి మూసుకుపోయి ఉంటుంది.

మూడోది ఈదురుగాలి. ఇది మన పల్లెల్లో పుట్టినవారికి చెప్పనక్కర్లేదు. వాన రాకముందే దుమ్ము లేస్తుంది, చల్లగాలి కొడుతుంది, మామిడికాయలు రాలతాయి. మబ్బులోంచి వానతోపాటు కిందికి జారిన చల్లగాలి నేలను తాకి నాలుగు దిక్కులా పరుగెత్తడమే దానికి కారణం. అది వాన అంచుకంటే ఎన్నో కిలోమీటర్లు ముందు నడుస్తుంది. యాప్‌లో ఎరుపు మచ్చ ఇంకా 15 కి.మీ. దూరంలో ఉందని నిదానంగా దిగబోయే గ్లైడర్‌ను ఈ గాలే నేలకు కొడుతుంది.

రాడార్ కిరణానికి కూడా ఒక పరిమితి ఉంది. అర డిగ్రీ కోణంలో పంపినా, భూమి గుండ్రంగా ఉండడం వల్ల 100 కి.మీ. దూరంలో అది నేలకు సుమారు ఒకటిన్నర కి.మీ. పైన, 200 కి.మీ. దూరంలో నాలుగు కి.మీ. పైన ఉంటుంది. దాని కింద జరిగేది దానికి తెలియదు.

పిడుగు సంగతి వేరే. 1999 ఏప్రిల్ 17న ఇంగ్లండులోని డన్‌స్టబుల్ దగ్గర శిక్షణ గ్లైడర్ ఒకటి పిడుగు దెబ్బకు గాలిలోనే ముక్కలైంది. లోపలి ఇద్దరూ పారాచూట్లతో దిగి బతికారు. విమానాలను పరీక్షించే ప్రమాణాలను మించిన శక్తి ఆ పిడుగులో ఉందని విచారణలో తేలింది. అందుకే పైలట్లు రాడార్‌తోపాటు పిడుగుల పటం కూడా చూస్తారు.

మరి దీన్ని ఎలా వాడాలి? ఒక్క బొమ్మ చూడకూడదు. గత గంట బొమ్మలను వరుసగా కదిలించి చూస్తే మచ్చలు ఎటు పోతున్నాయి, పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది. విండీ లాంటి యాప్‌లలో రాడార్ వేరు, కంప్యూటర్ వేసిన అంచనా వేరు. రెండూ ఒకే రకం రంగుల్లో ఉండడంతో చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారు. రోజు మొత్తం ప్రణాళికకు అంచనా, బయలుదేరే ముందు రాడార్. ఎగిరాక మాత్రం కళ్లు బయటే ఉండాలి. ఒకే మబ్బు కింద నాలుగైదు గ్లైడర్లు తిరుగుతుంటాయి; ఫోన్ చూస్తూ కూర్చుంటే ఢీకొంటారు. పైగా అంత ఎత్తులో సిగ్నల్‌కూ భరోసా లేదు.

మన ప్రాంతంలో గ్లైడర్లు అరుదే గానీ రాడార్లు ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలోని భారత వాతావరణ శాఖ రాడార్ల బొమ్మలు ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పుణె పరిశోధన సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. పొలంలో కూలికి వెళ్లే మన అమ్మానాన్నలకూ గ్లైడర్ పైలట్‌కూ ఉన్న ప్రశ్న ఒకటే: ఇంకా ఎంతసేపట్లో వస్తుంది? సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఫోన్‌లో ఇవి పెట్టి చూపించండి. బొమ్మ తెరవగానే రంగులకంటే ముందు మూలన ఉన్న సమయం చదవండి. అక్కడ యూటీసీ అని ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. 9.00 అని ఉంటే అది మనకు మధ్యాహ్నం 2.30 నాటి వాన.