పుట్టని మనుష్యునకు ఊరి పండుగ

ఇంగ్లండు దేశమున ఆగ్నేయపు మూలను, కెంటు మండలమునందు, సముద్రపు టొడ్డున డిమ్‌చర్చి అను పల్లె కలదు. ఏడు విడిచి ఏడు, ఆగస్టు మాసాంతమున వచ్చు సెలవు దినములలో ఆ యూరివా రొక ఉత్సవము జరుపుదురు. దానిని ‘డే ఆఫ్ సిన్’, అనగా సిన్ గారి దినము, అందురు. గ్రామస్థులు పదునెనిమిదవ శతాబ్దపు దుస్తులు ధరించి వీథులలో ఊరేగుదురు. ఎఱ్ఱకోటుల రాజభటులకును, దొంగసరకు దింపుకొనువారికిని ఉత్తుత్తి యుద్ధము జరుగును. అయితే ఈ యుత్సవమునకు నాయకుడు రాజోద్యోగి కాడు. దొంగరవాణా ముఠాకు పెద్ద. అంతకంటె వింత యేమనగా, అట్టి మనుష్యు డెన్నడును పుట్టలేదు.

డాక్టర్ సిన్ ఒక నవలలోని పాత్ర. రస్సెల్ థార్న్‌డైక్ అను నటుడు 1915లో ఆ నవలను ప్రకటించెను. ప్రసిద్ధ నటీమణి సిబిల్ థార్న్‌డైక్ ఆయనకు సోదరి. కథలో సిన్ డిమ్‌చర్చి గ్రామపు పాదిరి. పగలు మృదువుగా మాటాడుచు, ఆదివారమున ధర్మబోధ చేయుచు, ఊరివారి మంచిచెడ్డలు విచారించు పెద్దమనిషి. రాత్రి యయ్యెనా, పొలములలో పిట్టలను బెదరించుటకు నిలుపు బెదురుబొమ్మ వేషము వేసికొని, గుఱ్ఱమెక్కి, దయ్యముల వలె కానవచ్చు అనుచరులతో చిత్తడి నేలలపై సంచరించును. పూర్వమాయన క్లెగ్ అను పేర ఓడదొంగయై యుండెను. ఈ రహస్యము లెఱుగక, సుంకపు దొంగలను పట్టుకొన వచ్చిన రాజోద్యోగి పాదిరిగారి యింటనే మర్యాదలు పొందుచుండును!

కథ కల్పితమే, కథ నడచిన నేల మాత్రము కల్పితము కాదు. డిమ్‌చర్చి చుట్టునున్న రామ్నీ మార్ష్ పల్లపు చిత్తడి ప్రదేశము. అందు చాల భాగము సముద్రపు పోటు మట్టమునకు దిగువగా నుండుటచే, పెద్ద గట్టు కట్టి నీటిని ఆపుచున్నారు. మంచు కమ్మిన రాత్రులలో ఆ కాలువల నడుమ దారి స్థానికులకే తెలియును. ఎదుటి గట్టు ఫ్రాన్సు దేశము. నడుమ నున్నది ఇరుకైన సముద్రము. దొంగరవాణాకు ఇంతకంటె అనువైన చోటేది?

ఆ పచ్చికలలో మేయు గొఱ్ఱెల ఉన్నికి మంచి పేరుండెను. విదేశపు నేతగాండ్రకు అది దక్కరాదని ప్రభుత్వము పదునేడవ శతాబ్దమున ఉన్ని ఎగుమతిని నిషేధించెను. ఆవలి తీరమున హెచ్చు వెల దొరకుచుండగా, గొఱ్ఱెల కాపరి ఊరకుండునా? చీకటిలో ఉన్ని మూటలు పడవ లెక్కెను. తరువాతి శతాబ్దమున ఆవలినుండి బ్రాందీ, పొగాకు, పట్టు, తేయాకు రాసాగెను. చీనానుండి ఇంగ్లండునకు తేయాకు తెచ్చు హక్కు ఈస్టిండియా కంపెనీకే యుండెను. మన దేశము నేలిన ఆ కంపెనీయే! దానిపై సుంకము 1784కు పూర్వము నూటికి 119 వంతులు. మన లెక్కలో చెప్పవలెనన్న, నూరు రూపాయల తేయాకుపై నూట పందొమ్మిది రూపాయల పన్ను. బీదయింటివాడును తేనీటి రుచి మరగియున్న కాలమది. కనుక కూలివాడు, రైతు, ఒక్కొక్కయెడ పాదిరి సైతము దొంగసరకు కొనుట తప్పుగా నెంచలేదు. 1784లో ప్రధానమంత్రి విలియం పిట్ ఆ సుంకమును నూటికి పండ్రెండున్నరకు తగ్గించెను. దానితో తేయాకు దొంగరవాణాలో లాభ మడుగంటెను. ఎందఱో సుంకరులు ఏండ్ల తరబడి చేయలేని పనిని ఒక్క శాసనము చేసినది.

ఇంతవఱకు చదివి, దొంగలందఱును బీదల పాలిటి దయామూర్తులని విద్యార్థులు తలపరాదు. కెంటులోని హాక్‌హర్స్ట్ గ్రామము పేర వెలసిన ముఠా చరిత్ర వినిన చాలును. 1747లో వారు పూల్ రేవునందలి సుంకపు కచ్చేరిని పగులగొట్టి, అధికారులు పట్టుకొనిన తమ తేయాకును మరల తీసికొనిపోయిరి. త్రోవలో డేనియల్ చేటర్ అను చెప్పులు కుట్టువానికి వారిలో నొకడు, పాత పరిచయము కొలది, చిన్న తేయాకు సంచి నొసగెను. ఆ సంచియే చేటరునకు మృత్యువైనది. మాట పొక్కెను, అధికారులు అతనిని సాక్షిగా పిలిచిరి. 1748లో విలియం గేలీ అను సుంకపు ఉద్యోగి అతనిని వెంటబెట్టుకొని పోవుచుండగా ముఠావారు ఇరువురిని పట్టుకొని, చిత్రహింసలు పెట్టి చంపిరి. చేటరును నూతిలో త్రోసి పైన రాళ్లు వేసిరి. మఱుసటి యేట విచారణ జరిగి హంతకులు పలువురు ఉరికంబ మెక్కిరి. వీరి పేర నే యూరివారును పండుగ చేయరు.

పండుగ చేయుటకు నిజమైన దొంగ పనికిరాడు. కథలోని దొంగయే కావలెను. అధిక సుంకములపై జనులకుండిన కినుక, చీకటి త్రోవల సాహసము, ఊరి గుట్టు ఊరు దాచుకొను కట్టుబాటు — ఇవన్నియు సిన్ పాత్రలో మిగిలినవి. నూతిలోని రాళ్లు మిగులలేదు. మనమును కన్యాశుల్కములోని గిరీశమును గూర్చి పొరుగింటివాని వలె మాటాడుకొందుము. ఊరేగింపు మాత్ర మింకను చేయలేదు.

థార్న్‌డైక్ తన మొదటి నవల చివరనే సిన్‌ను చంపివైచెను. పాఠకులకు పాత్రపై మక్కువ తీరలేదు. ఇరువది యేండ్ల తరువాత, 1935 మొదలుకొని, చావునకు ముందు జరిగిన సంగతులని చెప్పి మఱి యారు నవలలు వ్రాసెను. 1937లో సిన్ కథ చలనచిత్రమయ్యెను; 1960 ప్రాంతమున మరల తెర కెక్కెను. డిమ్‌చర్చివారు తొలిసారి ఈ పండుగ జరిపినది 1964లో. అప్పటికి థార్న్‌డైక్ డెబ్బది తొమ్మిదేండ్ల వృద్ధుడై సజీవుడుగా నుండెను. ఆయన 1972లో మరణించెను. ఆయన సృష్టించిన పాదిరి మాత్రము ఏడు విడిచి ఏడు తన యూరికి వచ్చుచునే యున్నాడు.