గోల్ పడ్డాక ఆ గోల ఎవరిది?

స్టేడియంలో రికార్డు వెయ్యాలా? జనాన్ని అరవనివ్వాలా? ఫుట్‌బాల్ అభిమానుల మధ్య తెగని తగవు!

కొత్త సినిమా. మొదటి రోజు, మొదటి ఆట. తెర మీద ముందు హీరో కాళ్లు కనిపిస్తాయి... తర్వాత చెయ్యి... తర్వాత మొహం! అంతే, హాలంతా ఈలలు, చప్పట్లు, కాగితం ముక్కలు! ఆ నిమిషంలో హీరోగారు పలికిన మొదటి డైలాగు ఎవరికీ వినపడదు. వినపడక్కర్లేదు కూడా. అనుభవం గల దర్శకుడైతే అక్కడ ముఖ్యమైన మాట పెట్టడు. జనం అరుచుకోవడానికి కాస్త జాగా వదులుతాడు. రీరికార్డింగు ఎంత జోరుగా వున్నా ఆ చోట మొదటి వాద్యం మాత్రం నేల టిక్కెట్టు వాడి ఈలే!

సరిగ్గా ఈ సంగతి మీదే ఫుట్‌బాల్ అభిమానులు రెండు పార్టీలుగా చీలిపోయారు. గోల్ పడుతుంది. బంతి ఇంకా వలలో కదులుతూనే వుంటుంది. ఇంతలోనే లౌడ్‌స్పీకర్లు భళ్లున మోగుతాయి. ఏ హిందీ పాటో, ఇంగ్లీషు పాటో, పాట కూడా కాని వట్టి దరువో! దాని మీద ఎనౌన్సరు గోల్ కొట్టినవాడి పేరు సాగదీసి సాగదీసి అరుస్తాడు. ఇది కావాలా, వద్దా? ఇదీ తగవు.

ఈ తగవు వినాలంటే లండను దాకా వెళ్లనక్కర్లేదు. శంషాబాద్ విమానాశ్రయం దాటి బెంగళూరు రోడ్డు మీద కాస్త దూరం పోతే కొత్తూరు వస్తుంది. చుట్టూ ఫ్యాక్టరీలు, గోడౌన్లు. బెంగాల్ నుంచీ, ఒడిశా నుంచీ, అస్సాం నుంచీ పనికి వచ్చినవాళ్లు బోలెడుమంది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు చెబితే చాలు, బెంగాలీ కుర్రాడి కళ్లు మెరుస్తాయి. పక్కనున్న మన కుర్రాడు క్రికెట్టు చూస్తూ పెరిగినవాడు. ఇద్దరూ ఒకే టీ బంకు దగ్గర, ఒకే సెల్‌ఫోను మీదికి వొంగి మ్యాచ్ చూస్తే, గోల్ పాట గురించి ఇద్దరి అభిప్రాయం ఒకటి కావడం కష్టమే!

పాట వుండాల్సిందే!

కావాలనేవాళ్ల వాదం తీసిపారెయ్యలేం. ఉప్పల్‌లో ఐ.పి.ఎల్. మ్యాచ్ చూసినవాడికి ఫోరు పడితే పాట, సిక్సరు పడితే పాట, వికెట్టు పడితే పాట. చెవి దానికి అలవాటుపడిపోయింది. వాడు మొదటిసారి పెళ్లాం పిల్లలతో ఫుట్‌బాల్‌కి వస్తే, గోల్ పడ్డాక పాట లేకపోతే ఏదో వెలితిగానే వుంటుంది మరి. పైగా చిన్నపిల్లలకు ఆఫ్‌సైడు, ఫౌలు ఏం తెలుస్తాయి? పాట మోగితే గోల్ అయినట్టు, మోగకపోతే కానట్టు!

ఇంకో చిక్కు కూడా వుంది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ స్టేడియం. ఆటస్థలానికీ గ్యాలరీకీ మధ్య పరుగు పందేల ట్రాక్ అడ్డం. ఇంగ్లండులో మాదిరి గోల్‌పోస్టు వెనకే జనం కూర్చునే వీల్లేదు. సగం కుర్చీలు ఖాళీగా వున్న రోజున ఎంత అరిచినా ఆ అరుపు మైదానం మధ్యకు చేరేసరికి సన్నగిల్లుతుంది. అలాంటప్పుడు ఆ లోటు స్పీకరు పూడిస్తే తప్పేమిటీ అని వీళ్ల ప్రశ్న.

వద్దంటే వద్దు!

రెండో పార్టీ వాళ్లు దీనికి లెక్క కట్టి జవాబు చెబుతారు. ఒక టీ-ట్వంటీ మ్యాచ్‌లో ఫోర్లూ సిక్సర్లూ కలిపి ముప్పయ్యో నలభయ్యో పడతాయి. బంతికీ బంతికీ మధ్య తీరిక వుంటుంది. ఆ తీరికలో పాట వేసుకోవచ్చు. ఫుట్‌బాల్ అలా కాదే! తొంభై నిమిషాలకు రెండో మూడో గోల్స్. ఒక్కోసారి అదీ లేదు. అంటే గోల్ పడ్డప్పుడు వచ్చే కేక ఆ క్షణంలో పుట్టింది కాదు. గంటసేపు గొంతులో అణిచిపెట్టుకున్నది! దాని మీద రికార్డు వెయ్యడమంటే, ఆకలితో విస్తరి ముందు కూర్చున్నవాడి నోట్లో పాన్ కుక్కడమే కదా?

డప్పులు పట్టుకొచ్చి, రెండు గంటలపాటు నిలబడి పాటలు పాడే అభిమాన సంఘాల బాధ మరీ ఎక్కువ. హైదరాబాద్ ఎఫ్.సి. వున్న రోజుల్లో 'డెక్కన్ లీజియన్' అనే సంఘం వుండేది. ఇలాంటి సంఘాలు ఎంత సాధన చేసినా కొన్ని వేల వాట్ల స్పీకరుతో పోటీపడగలవా? గోల్ పడగానే తమ పాట ఎత్తుకుందామనుకుంటే పైనుంచి ఇంకో పాట వచ్చి పడుతుంది. ఇక లైన్ అంపైరు జెండా ఎత్తాడా, తమాషా చూడాలి! పాట సగంలో ఆగిపోతుంది. ఎగిరి గంతులేసినవాళ్లు మొహమొహాలు చూసుకుని కూర్చోవాలి.

మన 'వన్స్‌మోర్' సంగతేమిటి?

ఈ రెండో పార్టీ మాట మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పద్యనాటకాల రోజులు తలచుకోండి. నటుడు రాగం తీసి పద్యం ముగించగానే ముందు వరసల్లోంచి 'వన్స్‌మోర్!' అని కేక. కథ ఆగిపోయేది. చచ్చి పడున్న పాత్ర కూడా లేచి మళ్లీ పాడిందని హాస్యమాడుకునేవాళ్లు! ఏ పద్యం మళ్లీ వినాలో నిర్ణయించింది హార్మోనిస్టూ కాదు, కంట్రాక్టరూ కాదు. ప్రేక్షకుడే! ఆ కేక రాకపోతే పద్యం పండలేదని నటుడికి తెలిసిపోయేది. వన్స్‌మోరులు కూడా రికార్డు చేసి వినిపిస్తే నటుడికి తన పాట సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి?

జకార్తాలో పాట లేదు

హైదరాబాదు ఫుట్‌బాల్‌కి చరిత్ర లేదనుకునేవాళ్లు ఒక్క పేరు గుర్తుపెట్టుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది.

ఆ 1962 ఫైనలు జకార్తాలో, సెప్టెంబరు 4న. రాజకీయ కారణాల వల్ల అక్కడి జనానికి మన దేశం మీద కోపం. నిండిన స్టేడియం మనవాళ్లను గేలి చేస్తూనే వుంది. పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. తలకు దెబ్బ తగిలినా ఆడిన జర్నయిల్ సింగ్ ఇంకోటి కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1! సికిందరాబాదు ముద్దుబిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో వున్నాడు. ఆ గోల్స్‌కి పాట లేదు, ఎనౌన్సరు పొగడ్త లేదు. జనం ఈసడింపే రీరికార్డింగు! మరుసటి ఏడాదే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సరుతో కన్నుమూశాడు.

ఆయన కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ రహీం పాత్ర వేశాడు, ఎ.ఆర్. రెహమాన్ సంగీతమిచ్చాడు. సినిమాలో గోల్‌కి సంగీతం వుండి తీరాలి. అక్కడ ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపాల్సిన పూచీ సంగీత దర్శకుడిదే. స్టేడియంలో లేచి నిలబడ్డవాణ్ణి మళ్లీ లేపడం దేనికీ?

జనం లేని ఛాంపియను

పాట ఒక్కటే సరిపోతుందా అనే ప్రశ్నకు మన హైదరాబాదే జవాబు చెప్పింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. ఆ ఏడాది నవంబరులో గచ్చిబౌలిలో సొంతగడ్డ మీద తన మొదటి మ్యాచ్ ఆడి కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది. తర్వాత కరోనా వచ్చిపడింది. రెండేళ్లపాటు ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం గోవాలోనే, గేట్లు మూసిన స్టేడియాల్లో జరిగింది. 2021-22లో మన జట్టు తరఫున ఓగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. వాటిలో సొంతవూళ్లో పడ్డది ఒక్కటీ లేదు!

ఫైనలుకి మాత్రం జనాన్ని రానిచ్చారు. 2022 మార్చి 20న మడ్‌గావ్‌లో మళ్లీ కేరళతోనే పోటీ. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1 అయింది. పెనాల్టీల్లో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపేశాడు. హైదరాబాదుకు కప్పు! కానీ ఆ సీజన్‌లో గచ్చిబౌలి గ్యాలరీలో ఒక్క గొంతూ లేవలేదు.

కరోనా రోజుల్లో విదేశాల టీవీ వాళ్లు ఖాళీ స్టేడియాల ఆటలకు రికార్డు చేసిన జనం కేకలు కలిపిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. చప్పుడుకు లోటు లేదు. అయినా చూసేవాళ్లకు చప్పగానే వుంది! స్పీకరు వున్నంత మాత్రాన పండగ కాదని అప్పుడు తేలిపోయింది.

స్పీకరు ఆగాక ఏం మిగిలింది?

అలాగని పాటకూ ఫుట్‌బాల్‌కూ పడదనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో లివర్‌పూల్ అభిమానులు పాడే 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్' నిజానికి 1945 నాటి ఒక అమెరికన్ సంగీత నాటకంలోది. 1963లో అదే వూరి బృందం పాడిన రికార్డు హిట్టయింది. అప్పట్లో మ్యాచ్‌కి ముందు స్టేడియం స్పీకర్లలో హిట్ పాటలు వేసేవారట. ఆ పాట హిట్ల జాబితాలోంచి జారిపోయాక స్పీకరు మానేసింది. జనం మాత్రం మానలేదు! ఇప్పటికీ పాడుతూనే వున్నారు.

జర్మనీ వాళ్లది ఇంకో దారి. 2024లో తమ జాతీయ జట్టు గోల్ కొడితే పీటర్ షిల్లింగ్ పాడిన పాత పాట 'మేజర్ టామ్' వెయ్యాలని అభిమానులే ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించారు. అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య సరేనంది. స్పీకరు మోగింది, కానీ పాట జనం ఎంచుకున్నది!

మనకు పాటల కరువా?

మరి మన గోల్‌కి మన పాట ఏది? కొత్తూరు నుంచి పాతబస్తీకి వెళ్లే దారిలో బార్కస్ వుంది. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారకాసుల వల్ల ఆ పేరొచ్చింది. ఆ పేట ఫుట్‌బాల్‌కి పెట్టింది పేరు. ఆ అరబ్బు కుటుంబాలూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ మన నగరానికిచ్చిన కానుకే మర్ఫా వాద్యం. పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ దరువు మొదలైతే అడుగు వెయ్యనివాడెవడు? ఆటా, దరువూ ఒకే పేటలో వుంటే మన స్టేడియాల్లో మోగేది ఎక్కడిదో డీజే దరువా? నలుగురు మర్ఫా వాళ్లను గ్యాలరీలో కూర్చోబెడితే రెండు పార్టీల తగవూ తీరిపోదూ! సంగీతం వుంటుంది, స్విచ్చి మాత్రం జనం చేతిలో వుంటుంది.

అసలు దిగులు ఇదీ

వాదం ఎంత వేడిగా వున్నా దాని వెనక ఒక దిగులుంది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. మారిషస్‌తో మనం 0-0. సిరియాతో 0-3. సొంతగడ్డ మీద ఒక్క గోల్ పడితే కదా పాట సంగతి! నవంబరులో మలేసియా మీద రాహుల్ భెకే గోల్ కొట్టి ఆ ముచ్చట తీర్చాడు. 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. స్పీకర్లు ఇక్కడే వున్నాయి, అరిచే గొంతులు ఇక్కడే వున్నాయి, జట్టే లేదు! అదే ఏడాది డిసెంబరు 13న మెస్సీ వస్తే ఉప్పల్‌కి జనం పోటెత్తారు. అభిమానానికి కరువు లేదన్నమాట.

మనకంటూ శ్రీనిధి డెక్కన్ వుంది. శంషాబాద్ నుంచి అట్టే దూరం లేని అజీజ్‌నగర్‌లో దాని మైదానం. 2022-23లోనూ, 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టది. కొత్తూరు అభిమానులు బండేసుకుని వెళ్లి చూడగలిగిన దూరంలోనే!

నిర్వాహకులకు మా మనవి ఒక్కటే. పాట వెయ్యండి, కాదనం. కానీ గోల్ పడ్డ మొదటి అర నిమిషం మాత్రం స్విచ్చి మీద చెయ్యి వెయ్యకండి. ఆ అర నిమిషం టిక్కెట్టు కొన్నవాడిది. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మీ పాట మొదలుపెట్టండి, వాడే గొంతు కలుపుతాడు. ఏమంటారు పాఠకులూ? గోల్ ఆటగాడిది, పాట సంగీత దర్శకుడిది... గోల మాత్రం మనదే కదూ!