టేకు చేవ

బాల్యమున 'శాకము' అనగా కూర యనియే నే నెఱుఁగుదును. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో మంచములకుఁ దగిన వృక్షములఁ జెప్పుచు శాకమును గూడఁ బేర్కొనుట చూచి, కూరతో మంచ మెట్లు చేయుదురని యడిగితిని. శాకమనఁగా టేకని గురువుగారు నవ్వుచుఁ జెప్పిరి. అది మాటను గుఱించిన పాఠము. కఱ్ఱను గుఱించిన పాఠము మా యింటి ద్వారబంధము నేర్పినది.

ఇల్లు కట్టించునపుడు అడితిలో టేకని యమ్మిన కఱ్ఱనే కొంటిని. చిత్రిక పట్టి రంగు వేసిన పిదప నంతయు నొక్కతీరుగనే కనఁబడెను. మూఁడేండ్లకు నిలువుకమ్మి తట్టినచో డొల్లగా మ్రోగెను. వడ్రంగి బాడిసతోఁ జెక్కి చూపెను. చెదలు తెల్లని యంచును తినివేసి, గోధుమవన్నె భాగముకడ నాఁగిపోయినవి. "పంతులుగారూ, మీరు కొన్నది సగమే టేకండి" అనెను.

అతని మాట నిజము. బెరడునంటి యుండు తెల్లకఱ్ఱకు చెదలను నిలుపు శక్తి లేదు. లోపలి చేవలోనే తైలమును, చెదలకు గిట్టని టెక్టోక్వినోను మొదలగు పదార్థములును గలవు. లేఁతచెట్టులో తెల్లభాగపు పాలు హెచ్చు. కావున టేకను పేరు విని కొనరాదు. దుంగ కోసిన కొనను తడిపి చూచినచో రెండు వన్నెలును విడివడి కనఁబడును.

చేవ తేమకు మిక్కిలి ఉబ్బదు, ఎండకు మిక్కిలి కుంచింపదు. అందుచే వానకాలమున తలుపు బిగియదు. ఇనుపమేకును త్వరగాఁ ద్రుప్పు పట్టనీయదు. 1817లో బొంబాయిలో టేకుతోఁ గట్టిన ట్రింకోమలీ యను యుద్ధనౌక నేఁటికిని ఇంగ్లండునందలి హార్టిల్‌పూల్ రేవున నీటిపై నున్నది.

వడ్రంగికి మాత్ర మిది కొంత కష్టమే. కఱ్ఱలోని సిలికా ఉలిని, రంపమును మొద్దుపఱచును. తైలమువలన జిగురు సరిగా నంటదు. అప్పుడే చిత్రిక పట్టిన ముఖమునకే పూయవలెను.

పచ్చిటేకు నీట మునుఁగును. అందుచే బర్మాలో చెట్టు మొదట బెరడును తెల్లకఱ్ఱను చేవవఱకు వలయముగా నఱికి, రెండుమూఁడేండ్లు నిలువుననే యెండనిచ్చి, పిదపఁ గొట్టి యేటిలోఁ దేలవిడిచెడివారు.

మా కమ్మిలో మిగిలిన చేవను వడ్రంగి పాఱవేయనీయలేదు. దానితో నాకొక వ్యాసపీఠము చేసి యిచ్చెను. దానిమీఁదనే నేఁడును పుస్తక ముంచి చదువుకొనుచున్నాను.