కుక్క మెడకు ముండ్లపట్టీ అవసరమా?

కుక్కను పెంచుట యిప్పుడు పట్టణపు మేడలకే చెల్లిన వేడుక కాదు. ఉపాధ్యాయులకు తప్పని బదిలీలను బట్టి మేము మిర్యాలగూడలోను కోదాడలోను కొన్ని కొన్ని యేండ్లు కాపురముండి, యిప్పుడు సూర్యాపేటలో నున్నాము. ఈ మూడూళ్లలోను క్రొత్తగా లేచిన వీథులలో, గేటు ప్రక్క గొలుసుతో గట్టిన కుక్క లేని వీథి యరుదు. వెనుకటి దినములలో తలవాకిట నిలిచిన వీథికుక్కకు ఒక ముద్ద పడవేయుటయే మన యిండ్ల కుక్కపెంపకము. ఇప్పుడట్లు గాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ అను సీమజాతులు వచ్చినవి. పిల్లగా నున్నపుడు ఒడిలో నిముడు నది, యేడాది తిరుగునప్పటికి 30 కిలోలు తూగును. రాట్‌వైలర్ మగది 50 కిలోలును దాటవచ్చును.

దీనిని కొని తెచ్చువారు పురుషులు. పేరు పెట్టువారు పిల్లలు. అన్నము పెట్టి, తెల్లవాఱకముందే త్రాడు చేతబట్టి వీథికి తీసికొని పోవలసినది మాత్రము ఆ యింటి యిల్లాలు. కనుకనే యీ సంగతి సోదరీమణుల పత్రికలో వ్రాయదగినదని తోచినది.

మిర్యాలగూడలో మా యెఱుకలోని యొక యిల్లాలికి రెండేండ్ల జర్మన్ షెపర్డ్ కలదు. బియ్యపు మిల్లుల లారీలు తిరుగు బాట వెంబడి ఆమె దానిని నడిపించుచుండగా, ఎదుటి సందునుండి వీథికుక్క యొకటి వచ్చినది. ఈ కుక్క ఒక్క దుముకు దుమికినది. పట్టు తప్పకుండుటకై త్రాడును మణికట్టునకు రెండు చుట్లు చుట్టుకొనియున్న ఆమె బోరగిల బడి కొంత దూరము ఈడ్వబడినది. చేయి విఱిగి ఆఱు వారములు కట్టుతో నుండెను. (ఈ త్రాడు చుట్టుకొను అలవాటు మనలో ననేకులకు గలదు. అది యెంతమాత్రము కూడదు. త్రాటి పిడిని అఱచేత బట్టుకొని, అవసరమైనపుడు విడువగలిగి యుండవలెను.) కట్టు విప్పిన నాటికి ఆమె కుమారుడు అంతర్జాలపు అంగడినుండి యొక యినుప పట్టీ తెప్పించి, “ఇగ గుంజదే అమ్మా!” అని తల్లి చేతిలో బెట్టెను. అది చూచి ఆమెకు మనసొప్పక మాకు ఫోను చేసినది. నాటినుండి యీ పట్టీలను గూర్చి చదివియు, పశువైద్యుల నడిగియు మేము తెలిసికొన్నది యిచ్చట వ్రాయుచున్నాము.

శిక్షణ పట్టీ లనబడునవి ముఖ్యముగా మూడు. మొదటిది ఉరిగొలుసు. గొలుసును దాని కొననున్న వలయముగుండ దూర్చి చేసిన ఉచ్చు ఇది. సరిగా తొడిగినచో, త్రాడు వదలగానే సడలును. తలక్రిందుగా తొడిగినచో బిగిసినది బిగిసినట్లే యుండును. దీనిని మెడలో నుంచి కుక్కను ఒంటరిగా విడువరాదు. ఏ గేటు కొక్కెమునకో తగులుకొన్న యెడల ప్రాణము పోవును. రెండవది ఆ కుమారుడు తెచ్చిన ముండ్లపట్టీ. లావుపాటి తీగను కొక్కెములవలె వంచి ఒకదానితో నొకటి తగిలించి చేసినది. ప్రతి కొక్కెమునకును రెండేసి మొనలు కుక్క మెడవైపునకు తిరిగి యుండును. కుక్క లాగగానే పట్టీ బిగిసి, మొనలన్నియు మెడచుట్టును ఒక్కమాఱు నొక్కును. మూడవది కరెంటు పట్టీ. చేతిలోని మీట నొక్కినచో కుక్క మెడకు విద్యుద్ఘాతము తగులును.

ముండ్లపట్టీ యన్నది మనుష్యునకు క్రొత్త గాదు. కొండ దేశములలో గొఱ్ఱెల కాపరులు తోడేళ్లు మెడ పట్టకుండుటకై తమ కుక్కలకు ముండ్ల పట్టీలు కట్టుట హిమాలయ ప్రాంతమునను తురుష్క దేశమునను నేటికిని గలదు. కాని ఆ ముండ్లు వెలుపలికి తిరిగి యుండును. అవి కుక్కను కాచుటకు బుట్టినవి. వానిని లోనికి త్రిప్పినది శిక్షకుల విద్య. 1910వ సంవత్సరమున జర్మనీలో కొన్‌రాడ్ మోస్ట్ అను నతడు పోలీసు, సైనిక శునకముల శిక్షణను గూర్చి గ్రంథము వ్రాసెను. 1962లో అమెరికాలో విలియం కోలర్ వ్రాసిన పుస్తకము ఉరిగొలుసును ఇంటింటికిని దెచ్చినది. దండించి దారికి దెచ్చుట వీరి మార్గము. నేడు ఆ జర్మనీలోనే 2022 జనవరి 1వ తేదీ నుండి శిక్షణలో ముండ్లపట్టీ వాడుట నిషిద్ధము. వేల్సు దేశమున కరెంటు పట్టీని 2010లోనే నిషేధించిరి.

ఈ పట్టీలు లాగుడును మాన్పవని మే మనము. మాన్పును. నొప్పి యెవరికి గిట్టును? ముల్లుగఱ్ఱకు ఎద్దు కదలినట్లే ముండ్లపట్టీకి కుక్క ఆగును. అయితే పట్టీ తీసిన దినమున మరల లాగును. ఏలయన దానికి దెలిసినది పట్టీ యున్నపుడు లాగిన నొప్పి కలుగునని మాత్రమే. మెడ సామాన్యమైన యవయవము గాదు. ఊపిరిగొట్టము, థైరాయిడు గ్రంథి, మెదడునకు బోవు రక్తనాళములు అన్నియు నందే యున్నవి. మెడపట్టీతో లాగిన కుక్క కంటిలోని యొత్తిడి పెరుగుననియు, ఱొమ్మునకు కట్టు పట్టీతో లాగినపుడు అట్లు పెరుగదనియు 2006లో అమెరికాలోని పశువైద్యులు కొలిచి చూపిరి. ఇది ముండ్లు లేని మామూలు పట్టీ మాట.

ఇంతకంటెను భయపడవలసిన సంగతి యొకటి గలదు. కుక్క త్రాటి కొనను లాగుట యెప్పుడు? ఏదియో కంటబడినపుడు. ఎదుటి కుక్కయో, బడికి పోవు పిల్లవాడో, సైకిలో కనబడినంతనే అది ముందుకు పోవును. పోయినంతనే మెడలో మొనలు గ్రుచ్చుకొనును. నొప్పికి కారణము తన లాగుడని కుక్క యెఱుగునని మన మనుకొందుము. దానికట్లే తోచునన్న నమ్మకమేమి? పిల్లవాడు కనబడినపుడెల్ల మెడ నొచ్చుచున్నది గనుక పిల్లవాడే నొప్పి తెచ్చువాడని అది యెంచవచ్చును. నిన్నటిదాక ఆటకై లాగిన కుక్క రేపు భయముతో మీదబడును. పోర్చుగల్ దేశపు పోర్టో నగరమున 92 పెంపుడు కుక్కలను పరీక్షించి 2020లో ప్రకటించిన పరిశోధనలో, దండించి నేర్పు బడులలోని కుక్కలు, బహుమానమిచ్చి నేర్పు బడులలోని వానికంటె ఎక్కువగా బెదరి యుండినట్లు తేలినది.

భారతము చదివిన సోదరీమణులకు ఆదిపర్వారంభమున సరమ కథ తెలిసియే యుండును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా దేవశుని సరమ కొడుకు అచ్చటికి వచ్చెను. హవిస్సును నాకలేదు, తేఱిచూడనైన లేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. సరమ వచ్చి, తప్పు చేయని బిడ్డను కొట్టితిరి గావున కనరాని భయము మీకు వచ్చునని చెప్పి పోయెను. కనరాని భయ మన్న మాట మాకు చిన్ననాడు బోధపడలేదు. ముండ్లపట్టీ వేసిన కుక్క ఒకనాడు ఏ పొరుగింటి బిడ్డనో కఱచిన యెడల, ఆ కాటు ఎచ్చటినుండి వచ్చినదో ఆ యింటివారికి తెలియదు. వారికి అది కనరాని భయమే గదా!

అసలు కుక్క లాగుట కేమి కారణము? దాని సహజమైన నడక మన నడకకంటె వేగము. అంతియే గాక, మెడను వెనుకకు లాగిన కొలది ముందునకు ఒత్తుట దాని స్వభావము. ఎద్దు మెడపై కాడి నెట్టు రీతిగా అది పట్టీని నెట్టును. నెట్టగా నెట్టగా మన మొక యడుగు ముందుకు వేయుదుము. లాగిన దారి దొరకునని కుక్కకు నేర్పినవార మెవరము? మనమే. ఇక మన యూళ్లలో మఱియొక కారణము గలదు. ప్రొద్దుననుండి రాత్రివఱకు మెట్ల క్రింద మూరెడు గొలుసుతో గట్టివేసి, దినమునకు పది నిమిషములు వీథి చూపుదుము. ఆ పది నిమిషములే దానికి లోకము. లాగక యేమి చేయును? సూర్యాపేట చెంతనున్న దురాజ్‌పల్లి గుట్టపై రెండేండ్ల కొకమాఱు లింగమంతుల స్వామి జాతర జరుపు గొల్లల మందలను చూడుడు. మంద వెంట నడచు కుక్క మెడలో త్రాడే యుండదు. అది దినమంతయు నడచినది, దానికి పని యున్నది.

కుక్కను గొలుసున గట్టి తగిన నడక లేకుండ నుంచుట నేరమని 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము 11వ సెక్షను చెప్పుచున్నది. మిక్కిలి పొట్టియు మిక్కిలి బరువునైన గొలుసును కూడదు. ఈ చట్టము మన యిండ్ల మెట్ల క్రిందికి ఇంకను రాలేదు. పెంపుడు జంతువు వలన పరులకు హాని కలుగునట్లు అశ్రద్ధ చేసిన యజమానికి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము ఆఱు మాసముల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. అదే సంవత్సరము మార్చిలో రాట్‌వైలర్ మున్నగు 23 జాతులను నిషేధింపుడని కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు వ్రాయగా, మరుమాసమున కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసినది. జాతిని నిషేధించుటకంటె త్రాడు పట్టుట నేర్చుట మేలని మా యభిప్రాయము.

నేర్పు విధము తేలికయైనది, కాని ఓర్పు కావలెను. మొదట గేటు లోపలనే యారంభింపవలెను. త్రాడు బిగిసిన తోడనే స్తంభమువలె నిలిచిపోవలెను. లాగరాదు, అదలింపరాదు. కుక్క వెనుదిరిగి చూచియో, ఒక యడుగు వెనుకకు వేసియో త్రాడు సడలిన క్షణముననే “శభాష్” అని మెచ్చుకొని కదలవలెను. మన ప్రక్కన నాలుగడుగులు నడచినపుడెల్ల ఉడికించిన గ్రుడ్డు ముక్కయో, రెండు వేపుడు సెనగలో నోటికందింపవలెను. (ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెట్టు కుక్కకు విషమని మరువకుడు.) మొదటి వారము పావుగంటలో మూడిండ్లు కూడ దాటలేము. ఇరుగుపొరుగులు నవ్వుదురు, నవ్వనిండు. ముఖ్యమైన మాట: త్రాడు పట్టు ప్రతివారును ఇట్లే చేయవలెను. ఉదయము తల్లి నిలిచి, సాయంకాలము కొడుకు పరుగెత్తించిన నేర్పినదంతయు నీటిపాలు. అప్పుడప్పుడు ఫలించు లాగుడును మాన్పుట, నిత్యము ఫలించు లాగుడును మాన్పుటకంటె కష్టము.

ఈలోగా చేయి విఱుగకుండుట యెట్లు? దానికి ఱొమ్ముపట్టీ యున్నది. అంగళ్లలో హార్నెసు అందురు. ఇందు రెండు తెఱగులు గలవు. వీపుమీద వలయమున్నది లాగు కుక్కకు మఱింత హాయి. మంచుదేశములలో బండి లాగు కుక్కలకు కట్టునది ఈ మచ్చుదే. మనకు కావలసినది ఱొమ్ము ముందర వలయమున్నది. కుక్క ముందుకు దుమికినచో దాని యొడలే మనవైపు తిరుగును గాని మనలను ఈడ్వదు. పట్టీ క్రింద రెండు వ్రేళ్లు దూరవలెను. చంకలలో ఒరిసికొనుచున్నదేమో వారమున కొకమాఱు చూడవలెను. గుఱ్ఱపు కళ్లెమువలె మూతికి తగిలించు పట్టీయు నొకటి గలదు. అది బలముతో బనిలేని సాధనమే కాని, అలవాటగుటకు దినములు పట్టును, ఒక్క కుదుపుతో మెడ మెలిపడవచ్చును, చప్పిడి ముక్కు కుక్కలకు పనికిరాదు. మేము ఱొమ్ముపట్టీనే చెప్పితిమి.

ఆ మిర్యాలగూడ యిల్లాలు అట్లే చేసినది. మూడు మాసములైనది. వీథికుక్క కనబడినపుడు వారి కుక్క యిప్పటికిని దుముకును; కాని ఆమె దూరమునుండియే చూచి ఆవలి ప్రక్కకు దాటి, దాని నోట గ్రుడ్డు ముక్క పెట్టి నిలుపుచున్నది. కుమారునకు మాత్రము ఈ పద్ధతి నచ్చలేదు. “గింత టైము ఎవనికున్నది?” అనును. ఇనుప పట్టీ బీరువాలోనే యున్నది. ఆమె దాని తాళము తన కొంగున ముడివేసికొన్నది.

ఎండాకాలమును గూర్చి ఒక మాట. మా సూర్యాపేటలో సద్దుల చెఱువు కట్టమీద కొందరు ఉదయము తొమ్మిది గంటలకును కుక్కలను నడిపించుట చూచుచున్నాము. కుక్క నోటితో రొప్పియే ఒడలి వేడి పోగొట్టుకొనును. మెడ బిగిసి యున్నచో ఆ రొప్పుటకును వీలుండదు. వైశాఖ జ్యేష్ఠములలో సూర్యోదయమునకు ముందే బయలుదేఱవలెను. బయలుదేఱునపుడు చేతి వెనుక భాగమును తారురోడ్డుమీద అయిదాఱు క్షణములు ఆనించి చూడుడు. మన చేయి యోర్వని వేడిని దాని పాదమును ఓర్వదు. ఆనాడు నడక మాని, పెరటిలో నీడను ఆడింపుడు.