దాగడానికి కుట్టిన బట్టను ఎందుకు దాచాలి?

ధర్మవరం పట్టుచీర పదిమంది కంట పడాలని తయారవుతుంది. ఎడారి సైనికుడి మచ్చల దుస్తులు ఎవరి కంటా పడకూడదని తయారవుతాయి. అలాంటి జత ఒకటి వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. 1991 గల్ఫ్ యుద్ధంలో సంకీర్ణ సేనలను నడిపిన జనరల్ నార్మన్ ష్వార్జ్‌కాఫ్ తొడుక్కున్నది అది. దాన్ని గెలుపు గుర్తుగా మాత్రమే చూస్తే అసలు విలువ చేజారుతుంది. ఒక సైన్యం తాను పోరాడబోయే నేలను ఎలా ఊహించుకుందో, ఆ ఊహ ఎక్కడ తప్పిందో చెప్పే సాక్ష్యం ఆ బట్ట.

ఆ కాలపు అమెరికా ఎడారి యూనిఫారంలో ఆరు రంగులుండేవి. ఇసుక, గోధుమ వన్నెల మీద గులకరాళ్లనూ వాటి నీడలనూ తలపించే తెలుపు, నలుపు మచ్చలు వేశారు. రాళ్లు పరుచుకున్న ఎడారికి అది సరిపోతుంది. గల్ఫ్‌లో మాత్రం ఎటు చూసినా ఇసుక మైదానాలు ఎదురవడంతో నల్లమచ్చలు పనికిరాలేదు, ఆ తర్వాత మూడు రంగుల దుస్తులొచ్చాయి. ఎండిన నేలలన్నీ ఒక్క తీరున ఉండవు. వానలు తక్కువని పేరుపడ్డ అనంతపురం సీమలో, తాడిమర్రి వైపు ఎర్రనేల మీద ఆ లేత ఇసుకరంగు దాగకపోగా మనిషిని పట్టిస్తుంది. 1846లో పెషావర్‌లో ఏర్పడిన బ్రిటిష్ వారి గైడ్స్ దళం మట్టిరంగు ఖాకీకి మళ్లిన నాటి నుంచీ సైనిక దుస్తుల చరిత్ర అంటే నేలను చదవడం నేర్చుకున్న చరిత్రే.

లక్షల్లో కుట్టినవాటిలో ఒక జతకు అంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చు. అందరి దగ్గరా ఉన్న వస్తువునే ఎవరూ దాచరు; చివరికి ఒక్కటీ మిగలదు. ఫొటో చాలదా అంటే, నూలు మందం, అద్దకం వెలిసిన తీరు, మోచేతి దగ్గరి అరుగుదల ఫొటోలో చేతికి అందవు. యుద్ధాన్ని కీర్తించినట్టు కాదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. పతకాలు, తుపాకులే పెడితే ఆ ప్రమాదం నిజమే. చెమట పట్టిన చొక్కా మాత్రం ఆ ఎండలో ఒక మనిషి నిలబడ్డాడని గుర్తుచేస్తుంది.

హైదరాబాద్ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం కట్టిన 176 అడుగుల బీరువా భద్రంగా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సంస్థానం నుంచే సూయజ్, పాలస్తీనాలకు వెళ్లిన హైదరాబాద్ లాన్సర్స్ అశ్వికదళపు ఖాకీకీ అంతే గౌరవం దక్కాలి. 2022 జనవరి 15న భారత సైన్యం కొత్త మచ్చల యూనిఫారం ప్రదర్శించింది. పాతవి ట్రంకు పెట్టెల్లో పాడవకముందే మన జిల్లా మ్యూజియాలు మాజీ సైనికులను అడిగి తీసుకోవాలి. వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసి, ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది తొడుక్కున్నారో పక్కన రాయాలి. ఆ మూడు వివరాలుంటే మామూలు సిపాయి చొక్కా కూడా చరిత్రకు ఆధారమవుతుంది.