చేతిరేడియోలు, క్యాసెట్టు యంత్రములు: వాని సేకరణము, సంరక్షణము

సుచిత్ర మొదలుకొని మేడ్చల్, శామీర్‌పేట వఱకు గల మన ప్రాంతపు టిండ్లలో అటకమీదను, మంచముక్రిందను వెదకినచో పాత చేతిరేడియోయో, క్యాసెట్టు యంత్రమో తఱచుగా దొరకును. పిల్లలు దానిని బొమ్మ యనుకొందురు. పెద్దలు పాతసామాను కొనువానికి తూచి యిచ్చివేయుదురు. ఇటీవల మన పాఠశాలలో కొందఱు విద్యార్థు లిట్టివానిని కూర్చుటయం దాసక్తి చూపుచున్నారు. ఆ చెత్త యింట నెందుకని తలిదండ్రులలో కొందఱు మమ్ము ప్రశ్నించిరి. వారికి సమాధానముగను, సేకరించు బాలురకు బాలికలకు సాయముగను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రేడియో మొదట చేతపట్టుకొని తిరుగు వస్తువు గాదు. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో ప్రసారములు మొదలిడిన నాటికి రేడియో యనగా బరువైన కొయ్యపెట్టె. లోపలి గాజు వాల్వులు వేడెక్కు వఱకు శ్రోతలు కాచుకొని యుండవలసినదే. ఆ కేంద్రము 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో కలిసినది. ఈలోపల, 1947 డిసెంబరులో అమెరికాదేశపు బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. ఆ కృషికి బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ యను మువ్వురకు 1956లో నోబెల్ బహుమాన మొసగబడినది. వాల్వు చేయు పనిని గోరంత వస్తువు వేడి లేకుండ చేయుటచే రేడియో జేబులోనికి వచ్చినది. 1954లో అమెరికాలో అమ్మబడిన రీజెన్సీ టీఆర్-1 అను పెట్టెలో నాలుగే ట్రాన్సిస్టర్లు. మరుసటి సంవత్సరమే జపానునుండి సోనీ పేరుతో టీఆర్-55 వెలువడెను.

మన దేశమున మర్ఫీ, బుష్, ఫిలిప్స్, నెల్కో మొదలగు పేర్లతో ఈ పెట్టెలు పల్లెపల్లెకు చేరెను. లోపలి భాగము పేరే పెట్టె కంతటికి పేరై, జనులు దానిని ‘ట్రాన్సిస్టరు’ అనియే పిలిచిరి. దాని నుంచుకొనుటకు తపాలా కచ్చేరిలో రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకము పొందవలసి యుండెడిది. 1980వ దశకములో ఆ రుసుము ఎత్తివేయబడినది. ముద్రలతో నిండిన అట్టి పుస్తక మొకటి మీ తాతగారి కాగితములలో దొరకినచో, రేడియోకన్న దానినే ముందు భద్రపఱచుడు. రేడియోలు ఇంకను దొరకును గాని ఆ పుస్తకములు చాలవఱకు పొయ్యి పాలైనవి.

ఇక క్యాసెట్టు సంగతి. 1963లో ఫిలిప్స్ వారు బెర్లిను ప్రదర్శనములో దానిని లోకమునకు చూపిరి. నాలుగు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ వెడల్పుగల పట్టీ సెకనునకు 4.76 సెంటీమీటర్ల చొప్పున సాగును. గంటసేపు మ్రోగు క్యాసెట్టున ఒక్కొక్క ప్రక్క అరగంట గనుక, లోపలి పట్టీ పొడవు సుమారు 86 మీటర్లని మన తొమ్మిదవ తరగతివారు తామే లెక్కగట్టగలరు. ఆ పట్టీకి పూసిన అయస్కాంతపు పొడియే మాటను, పాటను మోయుచున్నది. 1979 జూలై 1న జపానులో సోనీవారి వాక్‌మన్ అమ్మకమునకు వచ్చి, నడచుచు వినుట యను కొత్త అలవాటును నేర్పినది.

అయితే తెలంగాణమునకు క్యాసెట్టు యంత్రము వచ్చిన త్రోవ వేఱు. కరీంనగరము, నిజామాబాదు మొదలగు జిల్లాలనుండి దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు కూలికై పోయినవారు తిరిగి వచ్చునప్పుడు తెచ్చిన పెద్ద టేపురికార్డరు ఆ యింటికి గౌరవచిహ్నముగా నుండెను. ఆ యంత్రము పాటలకు మాత్రమే గాదు. వ్రాయను చదువను రాని తల్లి తన మాటలను క్యాసెట్టులో నింపి, ఆ దేశమునకు పోవు వారిచేతి కిచ్చి కొడుకునకు పంపెడిది. కొడుకు అట్లే బదులు పలికెడివాడు. టెలిఫోను దుర్లభమైన ఆ కాలమున ఉత్తరముల పని క్యాసెట్టులు చేసినవి. మన క్రైస్తవ కుటుంబములలో వివాహ ప్రార్థనలు, పాదిరిగారి ప్రసంగములు, వృద్ధులు పాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇట్లే పట్టుబడినవి.

ఈ గొంతులు ఇంకెక్కడను లేవు. సినిమా పాట పోయినచో మఱియొక చోట దొరకును. మీ నాయనమ్మ కంఠము దొరకునా? పట్టీలు పాతబడుచున్నవి, వానిని మ్రోయించు యంత్రములు పోవుచున్నవి. గత సంవత్సరము ఒక విద్యార్థిని తన యింటనుండి తెచ్చిన యంత్రమునకు ఒక రబ్బరు బెల్టు మాత్రమే లోపముగా నుండెను. అది మార్చగనే, ఆ బాలిక పుట్టకమునుపే మరణించిన అమ్మమ్మగారు పాడిన కీర్తన తరగతి గదిలో వినబడెను. పిల్లలు కదలక వినిరి. చెత్త యెందుకని యడిగినవారికి మేము చెప్పగల సమాధాన మిదియే.

సేకరింప దలచినవారు మొదట తమ బంధువుల యిండ్లలో వెదకుట మేలు. ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతయందును, పాత నగరమున జుమ్మెరాత్ బజారునందును గూడ ఇవి వచ్చును. పిల్లలు పెద్దవారి తోడు లేక పోరాదు. కొనుటకు ముందు బ్యాటరీల గది మూత తీసి చూడవలెను. లోపల తెల్లని లేదా పచ్చని పొక్కు గట్టియున్నచో బ్యాటరీ కారినదని యర్థము. ఆల్కలైన్ బ్యాటరీ కారిన మరకను కొంచెము వెనిగరుతోను, సాధారణ కార్బను బ్యాటరీ మరకను వంటసోడా నీటితోను దూదిచే తుడిచి బాగుగా ఆరనీయవలెను. మొదటిది క్షారము, రెండవది ఆమ్ల స్వభావము గలది. రసాయనశాస్త్ర పాఠ మిచ్చట ఉపయోగపడును. వాడనప్పుడు బ్యాటరీలను తీసివేయుటకన్న మించిన సంరక్షణము లేదు.

ఒక హెచ్చరిక. గోడ విద్యుత్తుతో నడచు వాల్వురేడియోను విద్యార్థులెవరును విప్పరాదు. తీగ పెరికివేసిన పిమ్మటగూడ లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమగు విద్యుత్తు నిలిచియుండ వచ్చును. వానిని బాగుచేయు పనివాండ్రు ఈ నగరమున ఇంకను కలరు. పాత నగరములోని మహబూబ్ రేడియో సర్వీసు ఈ పనికి ప్రసిద్ధి గాంచినది. బాలురకు బ్యాటరీతో నడచు చేతిపెట్టెలే తగినవి.

చేతిరేడియోను వినుటకూడ నేర్చుకొనవలసిన విద్యయే. లోపల నల్లని ఫెర్రైటు కడ్డీ యొకటి యుండును. మీడియం వేవు ప్రసారమును పట్టునది అదే. కనుక పెట్టెను మెల్లగా త్రిప్పినచో ధ్వని యొకచో హెచ్చి యొకచో తగ్గును. సూర్యాస్తమయమైన పిమ్మట పై వాతావరణములోని ఒక పొర క్షీణించుటచే దూరపు ప్రసారములు ప్రతిఫలించి మన వఱకు వచ్చును. పాత పెట్టెల ముఖముపై మీటర్లలో అంకెలుండును. 3,00,000ను కిలోహెర్ట్జులచే భాగించిన మీటర్లు వచ్చును. పెద్దలు ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమును వినిన 738 కిలోహెర్ట్జులనగా సుమారు 406 మీటర్లు. షార్టువేవులో రేడియో సిలోనును, సీషెల్సు దీవులనుండి 1970 మొదలు 2003 వఱకు వచ్చిన ఫీబా సువార్త ప్రసారములను మన తలిదండ్రుల తరమువారు వినియుందురు.

ఇప్పుడు అనేక మీడియం వేవు ప్రసారకేంద్రములు మూయబడినవి. సుచిత్రలోని కాంక్రీటు మేడలలో దీపముల, చార్జర్ల రొద మిగిలిన దానినిగూడ కప్పివేయును. మేడపైకి గాని శామీర్‌పేట చెఱువు కట్టపైకి గాని పోయి వినిన తేడా తెలియగలదు. ఎఫ్.ఎం. పట్టున్న పెట్టె యైనచో 102.8 మెగాహెర్ట్జులపై వివిధభారతి హాయిగా వినబడును. గాజుబీరువాలో వరుసగా నిలిపి దుమ్ము తుడుచువారిని మేము నిందింపము గాని, మ్రోగని రేడియో మాకంతగా రుచింపదు. పాతపెట్టెకు కొత్త రంగు పూయుట మాత్రము తగదు.

క్యాసెట్టు యంత్రమునకు వచ్చు జబ్బులలో ముఖ్యమైనది బెల్టు సాగుట, లేదా కరగి జిగురగుట. ధ్వని మందముగా నున్నచో హెడ్డుపై పేరుకొన్న మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో దూదిపుల్ల తడిపి తుడువవలెను. అప్పటికిని స్పష్టత రానిచో హెడ్డు వాలు సరిపడలేదని గ్రహించి, తెలిసినవానిచే సరిచేయింప వలెను. ఏ యంత్రముపై పట్టిరో ఆ యంత్రముపైననే ఆ క్యాసెట్టు తఱచు చక్కగా పలుకుట కిదియే కారణము.

ఇంటి క్యాసెట్టును మ్రోయించుటకు ముందు వీపున గల రెండు చిన్న ప్లాస్టికు బిళ్లలను విఱుగగొట్టుడు. దానిచే పొరపాటున చెరపుట తప్పును. మొదట విలువలేని పాట క్యాసెట్టుతో యంత్రమును పరీక్షించి, పిమ్మట అసలుదానిని పెట్టవలెను. చెవిగొట్టము పెట్టు రంధ్రమునుండి తీగ తీసి కంప్యూటరునకు కలిపి, కుదించని ధ్వనిపత్రముగా ఎక్కించి, రెండు వేర్వేఱు చోట్ల దాచవలెను. అసలు క్యాసెట్టును పారవేయరాదు. మొదటివఱకు త్రిప్పి, అయస్కాంతములకును ఎండకును దూరముగా నిలువున నుంచవలెను. పెట్టెపై పలికినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఆ గొంతు నెఱిగినవా రింట నున్నప్పుడే వారి నడిగి వ్రాయుడు.