సంఘంలో సలహాలు సరే... తూచేదెలా?

నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక పని మొదలుపెడితే డబ్బుకి కరువు రావచ్చు, తీరికకి కరువు రావచ్చు గాని, సలహాలకి మాత్రం ఏనాడూ కరువుండదు. "నెల నెలా కట్టే పొదుపు పెంచుదాం" అంటుంది ఒకావిడ. "ఉన్నదే కట్టలేక చస్తున్నాం" అంటుంది ఇంకొకావిడ. "అందరం కలిసి పెద్ద గ్రైండరు కొందాం", "మీటింగు రాత్రిపూట పెట్టుకుందాం", "ఆలస్యంగా వచ్చేవాళ్లకి జరిమానా వేద్దాం"... ఇలా ఒకరి మాట మీద ఇంకొకరి మాట! చివరికి ఏమవుతుంది? పెద్ద గొంతున్నావిడ మాట నెగ్గుతుంది. చిన్న గొంతున్నావిడ మరుసటి నెల కూతురి చేత డబ్బు పంపించి తను రావడం మానేస్తుంది. ఆ పై నెల డబ్బు కూడా రాదు.

పొదుపు సంఘమే కానక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కమిటీ కావచ్చు, కలిసి పచ్చళ్లు పెట్టి అమ్మే నలుగురు కావచ్చు, వినాయక చవితి పందిరి వేసే వీధివాళ్లు కావచ్చు. ఎక్కడైనా ఇదే తంతు. సలహా ఇవ్వడం తప్పు కాదు. వచ్చిన సలహాని తూచకుండా నెత్తిన పెట్టుకోవడం, వినకుండా తోసెయ్యడం... ఈ రెండూ సంఘానికి చేటే. మరి తూచడం ఎలా? కూరగాయలు ఎంచినంత శ్రద్ధ పెడితే చాలు, ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

అడిగింది వేరు, అవసరం వేరు

మీ సంఘంలో ఒకావిడ "నెలకి 200 కాదు, 500 కడదాం" అందనుకోండి. వెంటనే అవునా, కాదా అని చేతులెత్తించకండి. ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎందుకమ్మా, ఏం ఇబ్బంది వచ్చింది?"

అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. జూన్ నెలలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, సంఘం ఇచ్చే చిన్న అప్పు సరిపోవడం లేదు. అంటే ఆవిడకి కావలసింది పొదుపు పెంచడం కాదు, కాస్త పెద్ద అప్పు. దానికి వేరే దారులున్నాయి. 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ పద్ధతి అందుకే వచ్చింది. కనీసం ఆరు నెలలుగా సక్రమంగా నడుస్తున్న సంఘాన్ని బ్యాంకు అప్పు ఇవ్వడానికి పరిశీలిస్తుంది. క్రమం తప్పని మీటింగులు, పొదుపు, సంఘంలో అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, సరైన పుస్తకాలు... డ్వాక్రా సంఘాలలో అందరికీ తెలిసిన ఈ పంచసూత్రాలనే బ్యాంకువారూ చూస్తారు. కాబట్టి ఆవిడ ఒక్కర్తి ఫీజు కోసం పన్నెండు మందీ నెలకి 300 అదనంగా కట్టనక్కర్లేదు. పుస్తకాలు సరిచేసుకుని బ్యాంకుకి వెళ్తే పని జరగవచ్చు.

చూశారా? ఆవిడ చెప్పిన సలహా తీసుకోలేదు. కాని ఆవిడ అవసరాన్ని పట్టించుకున్నాం. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

గ్రైండరు లెక్క

ఇక గ్రైండరు సంగతి చూద్దాం. వినడానికి ఎంతో బావుంటుంది. వీధిలో అందరికీ దోసెల పిండి రుబ్బి ఇస్తే సంఘానికి ఆదాయం! సరే, పెన్సిలు తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యండి.

పన్నెండు మంది, నెలకి తలా 200 చొప్పున 2,400 రూపాయలు. గ్రైండరు ధర 24,000 అనుకుందాం. అంటే పది నెలల పొదుపు మొత్తం అందులోకే పోతుంది. ఆ పది నెలల్లో ఎవరికి జబ్బు చేసినా ఇవ్వడానికి పైసా ఉండదు. ఇక కిలోకి 15 రూపాయలు తీసుకుంటే, కరెంటుకి, రిపేర్లకి 5 పోను 10 మిగులుతుంది. రోజుకి 8 కిలోలు వస్తే 80 రూపాయలు. 300 రోజుల్లో పెట్టుబడి వచ్చేస్తుంది, భేష్!

ఆగండి. పిండి రుబ్బేదెవరు? గ్రైండరు కడిగేదెవరు? రోజూ రెండు గంటలు ఎవరో ఒకరు దాని దగ్గర నిలబడాలి కదా. ఆవిడకి రోజుకి 50 రూపాయలన్నా ఇవ్వాలా వద్దా? ఇస్తే మిగిలేది 30. అప్పుడు పెట్టుబడి రావడానికి 800 రోజులు, అంటే రెండేళ్లు దాటిపోతుంది. ఇవ్వకపోతే లెక్క బాగానే కనబడుతుంది గాని, ఆ భారమంతా ఒకరి నడుం మీద పడుతుంది.

ఆడవాళ్ల లెక్కల్లో ఎప్పుడూ జరిగే పొరపాటు ఇదే. ఉప్పూ పప్పూ ఖరీదు రాస్తాం, మన రెక్కల ఖరీదు రాయం. ఏ సలహా వచ్చినా "ఎంతవుతుంది?" అని అడిగిన నోటితోనే "చేసేదెవరు? ఎన్నాళ్లు?" అని కూడా అడగండి. "అందరం చేద్దాం" అన్న జవాబు ఒప్పుకోకండి. అందరం అంటే ఎవ్వరూ కాదని అర్థం!

అలాగని గ్రైండరు ఆలోచనని అవతల పారెయ్యనూ వద్దు. సంఘంలో ఎవరింట్లోనో చిన్న టేబుల్‌టాప్ గ్రైండరు ఉంటుంది. ఆవిడకి కరెంటు ఖర్చు, కూలి ఇచ్చి ఒక్క నెల ఆర్డర్లు తీసుకుని చూడండి. రోజుకి ఎన్ని కిలోలు వచ్చాయో పుస్తకంలో రాయండి. 8 కిలోలు వస్తాయనుకున్నది 3 దగ్గరే ఆగిందా? 24 వేలు మిగిలాయి. పది దాటిందా? అప్పుడు ధైర్యంగా కొనండి.

ఏడుగురు ఆడవాళ్లు, 80 రూపాయలు

సలహాని తూచడం ఎలాగో లిజ్జత్ పాపడ్‌వారి చరిత్ర చూస్తే బాగా తెలుస్తుంది. 1959 మార్చి 15న ముంబయిలోని గిర్‌గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు. మొదటి రోజు చేసినవి నాలుగే నాలుగు ప్యాకెట్లు.

ఆ రోజుల్లో వాళ్లకొక ఆలోచన వచ్చింది. రెండు రకాల అప్పడాలు చేసి, నాసిరకాన్ని తక్కువ ధరకి అమ్మాలని. బేరం పెరిగే మాటే కదా! కాని వాళ్లకి మార్గదర్శిగా ఉన్న ఛగన్‌లాల్ పరేఖ్ గారు ఒకే రకం చెయ్యమని, నాణ్యతలో మాత్రం రాజీ పడవద్దని చెప్పారు. ఆ మాటే నిలిచింది. రెండు రకాలు పెడితే నాలుగు ప్యాకెట్లు ఎక్కువ పోయేవేమో. కాని "వాళ్ల అప్పడం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది" అన్న పేరు మిగిలేది కాదు.

మొదటి ఏడు వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. ఎంత చిన్న ఉపాయం! కాని అది తీర్చింది చిన్న ఇబ్బంది కాదు, సంపాదనే లేకుండా పోయే నాలుగు నెలల ఇబ్బంది. సలహా గొప్పతనం దాని ఖరీదులో లేదు, అది తీర్చే కష్టంలో ఉంది.

'లిజ్జత్' అన్న పేరు కూడా ఒక సలహాగా వచ్చిందే. 1962లో పేరు సూచించమని పోటీ పెట్టి, నెగ్గిన పేరుకి 5 రూపాయల బహుమతి ఇచ్చారు. అన్ని ప్రయత్నాలూ ఫలించాయా అంటే, లేదు. అగ్గిపెట్టెలు, అగరొత్తులు కూడా చేసి చూశారు. అవి నిలవలేదు. నిలవని వాటిని వదిలేసి, నిలిచిన అప్పడాన్ని పట్టుకున్నారు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పుచేసిన ఆ 80 రూపాయలకి అంతకన్నా వడ్డీ ఏముంటుంది!

అందరికంటే లేనావిడ చెయ్యగలదా?

మన నెల్లూరు సంగతి గుర్తుచేసుకోండి. 1992లో దూబగుంట పేరు రాష్ట్రమంతా మోగింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి మాట్లాడుకుని, సారా కొట్ల మీదికి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో 'పొదుపులక్ష్మి' బయలుదేరింది. మాట ఏమిటంటే, రోజుకో రూపాయి దాచడం.

రోజుకి అయిదు అని ఉంటే? ఉన్నవాళ్లు కట్టేవారు, కూలికి వెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయేవారు. రూపాయి కాబట్టి అందరూ వచ్చారు. అందుకే ఏ సలహా వచ్చినా ఈ గీటురాయి మీద గీసి చూడండి: మనలో అందరికంటే లేనావిడ దీన్ని చెయ్యగలదా?

ఆలస్యానికి జరిమానా 10 నుంచి 50 చేద్దామన్న సలహా తీసుకోండి. క్రమశిక్షణ మంచిదే. కాని ఆలస్యంగా వచ్చేది ఎవరు? టీవీ చూస్తూ కూర్చున్నావిడా, ఆరింటికి పొలం నుంచో ఫ్యాక్టరీ నుంచో వచ్చి, పొయ్యి వెలిగించి, పరుగెత్తుకొచ్చే ఆవిడా? రెండో ఆవిడ అయితే మార్చవలసింది జరిమానా కాదు, మీటింగు టైము.

చింతగింజలతో ఓటు

చేతులెత్తమంటే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. లీడరు వంక చూసి కొందరు, అప్పిచ్చినావిడ వంక చూసి కొందరు, తోడికోడలి మీద కోపంతో కొందరు ఎత్తుతారు. దీనికొక తేలిక మార్గం ఉంది. ఒక్కొక్క సలహాకి ఒక్కొక్క గిన్నె పెట్టండి. చదువురాని వాళ్లకి తెలిసేలా గిన్నె ముందు గుర్తు ఉంచండి. గ్రైండరుకి గుప్పెడు మినప్పప్పు, పొదుపుకి ఒక నాణెం, మీటింగు టైముకి ఒక గడియారం. గిన్నెల్ని లోపలి గదిలో పెట్టి, మనిషికి మూడు చింతగింజలు ఇచ్చి ఒక్కొక్కరినే పంపండి. ఒకే గిన్నెలో మూడూ వేస్తారో, తలా ఒకటి వేస్తారో వాళ్లిష్టం.

గింజలు లెక్కపెడితే ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి తెలుస్తుంది. కాని ఒక్క జాగ్రత్త. గింజలు చెప్పేది మోజు మాత్రమే, మేలు కాదు. ఎక్కువ గింజలు పడ్డదాన్ని ముందు లెక్క వెయ్యాలి, అంతేగాని కళ్లు మూసుకుని కొనెయ్యకూడదు. అలాగే ఒకే ఒక గింజ పడ్డ గిన్నెనీ చిన్నచూపు చూడకండి. ఆ ఒక్క గింజ వెనక ఎవరికో పెద్ద కష్టమే ఉండవచ్చు.

కాదనడమూ తెలియాలి

అన్ని సలహాలూ పాటించలేం. పాటించనక్కర్లేదు కూడా. కాని "చూద్దాంలే" అని దాటవేసే అలవాటు మానుకోవాలి. అది వినేవాళ్లకి అవునులా వినబడుతుంది, చెప్పేవాళ్లకి కాదులా ఉంటుంది. మూడు నెలలు ఎదురుచూసి అడిగినావిడ మనసు విరిగిపోతుంది.

కాదనేటప్పుడు కారణం చెప్పండి. "ఈ ఏడు డబ్బు చాలదు", "చేసే మనిషి దొరకలేదు", "ఇద్దరు కట్టలేమన్నారు"... ఇలా ముక్కుసూటిగా, మర్యాదగా చెప్పండి. ఆవిడ మొహం మీద అందరూ నవ్వేలా మాత్రం ఎన్నడూ చెప్పకండి. సలహాని కాదంటే మనిషి తట్టుకుంటుంది, తనని కాదంటే తట్టుకోలేదు. ఒకసారి నవ్వులపాలైనావిడ మళ్లీ నోరు తెరవదు. రేపు సంఘాన్ని గట్టెక్కించే 'మంచం, స్టవ్' ఉపాయం ఆవిడ దగ్గరే ఉందేమో, మీకెలా తెలుస్తుంది?

తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ

వచ్చే మీటింగులో తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ సలహాలకని విడిచిపెట్టండి. ప్రతి సలహాకి ఈ ఆరూ రాయండి:

1. చెప్పినదెవరు, ఆమె మాటల్లోనే ఏం చెప్పింది?
2. దాని వెనక ఉన్న ఇబ్బంది ఏమిటి? అది ఎంతమందికి ఉంది?
3. డబ్బెంత, చేసే మనిషెవరు, ఎన్ని గంటలు?
4. అందరికంటే లేనావిడకి ఇది భారమా?
5. చిన్నగా ఒక నెల చేసి చూసే వీలుందా?
6. ఇప్పుడు చేద్దామా, ఎప్పుడు చేద్దాం, లేక వద్దా? వద్దంటే ఎందుకు?

ఆరో దానికి జవాబు రాసి చదివి వినిపించాకే మీటింగు ముగించండి. వద్దన్న సలహాలు కొట్టెయ్యకుండా అలాగే ఉంచండి. ఈ ఏడు కుదరనిది పై ఏడు కుదరవచ్చు.

అన్నట్టు, లీడరుగారి సలహా కూడా ఆ పేజీలోనే రాయాలి సుమా! ఆవిడ మాటకి వేరే తూకం ఉండకూడదు.